మా పిల్లకేం తక్కువ

అధికారిణి వచ్చేది గురువారం పదింటికి. బుధవారం మధ్యాహ్నానికే అత్తగారు ఇల్లంతా కడిగించి, గోడల మీద పాప గీసిన గీతలు కనబడకుండా క్యాలెండర్లు వేలాడదీసి, పాప కొరికేసిన సోఫా అంచుకు దుప్పటి కప్పేసింది. ల్యాబు నుంచి వచ్చిన కోడలు అది చూసి నెత్తి కొట్టుకుంది.

"అత్తయ్యా, ఆవిడ చూడాల్సింది అవేనండి."

"ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి చిరుగులు చూపిస్తామా ఎక్కడైనా?"

పాపకి నాలుగేళ్ళు. మాట రాలేదు. తలుపు సందు దొరికితే చాలు, తుర్రుమంటుంది. ఇప్పటికి మూడు బేబీకేర్ సెంటర్లు చేర్చుకున్నాయి, మూడూ తిప్పి పంపాయి. మూడో సెంటరు ఓనరమ్మ అయితే పాపను అప్పగిస్తూ ఏడ్చింది. ఎందుకేడుస్తోందో ఆవిడకీ తెలియదు పాపం. ఇక మిగిలిన దిక్కల్లా ఇలాంటి పిల్లలున్న ఇళ్ళకు శిక్షణ ఉన్న ఆయాలను పంపే ఆఫీసు ఒక్కటే. వాళ్ళ అధికారిణి ఇంటికొచ్చి, ప్రశ్నలడిగి, పిల్లను సాకడంలో ఉన్న కష్టానికి మార్కులు వేస్తుంది. మార్కులెక్కువైతే ఆయా ఉండే గంటలూ ఎక్కువ. కష్టం చెప్పుకుంటే మార్కులేమిటో అత్తగారి బుర్రకు ఎంతకీ ఎక్కలేదు.

కోడలికేమో ప్రాణం మీదికొచ్చింది. ఏడాదిగా రక్తపరీక్షల ల్యాబులో పొద్దుటి పూట మాత్రమే పనిచేస్తోంది. ఒకటో తారీకు నుంచి రోజంతా రావాలి, కుదరకపోతే మానెయ్యమని పైవాళ్ళు తేల్చేశారు. రోజుకి ఏడు గంటలు ఆయా దొరికితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. మొగుడు లారీ మీద వారానికి నాలుగు రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు, అతని మీద ఆశ పెట్టుకుని లాభం లేదు.

గురువారం పాప ఎన్నడూ లేనంత బుద్ధిగా రెండు జడలతో కూర్చుని, చెంచా ఒకటి కళ్ళ ముందు తిప్పుకుంటోంది. ల్యాబుకు సెలవు పెట్టిన కోడలు, కన్నకూతురు ఒక్క అల్లరి చెయ్యాలని మొక్కని దేవుడు లేడు. పాప కదల్లేదు.

"పాప నిద్రపోతుందా?" అధికారిణి కాగితాలు తీసింది.

"బ్రహ్మాండంగా," అంది అత్తగారు, కోడలికి నోరు తెరిచే సందివ్వకుండా. "నా ఒళ్ళో పడుకుందంటే తెల్లారేదాకా లేవదు. నేను కదిలితేనే లేస్తుంది. అందుకని నేను కదలను."

"మరి మీ నిద్ర?"

"గోడకానుకుని ఓ కునుకు తీస్తా. అలవాటైపోయిందమ్మా."

అధికారిణి ఏదో రాసుకుంది.

"తిండి?"

"ఏది పెడితే అది తింటుంది. తెల్లగా ఉండాలి, అంతే. గిన్నె కూడా తెల్లదే. వడ్డించే మనిషి మాత్రం మాట్లాడకూడదు."

"బయటికి పరిగెడుతుందా?"

"ఎందుకు పరిగెడుతుంది? నా కొంగు దాని నడుముకి ముడేసి ఉంటుందిగా."

"మాటలు రాలేదు కదా. ఏం కావాలో మీకెలా తెలుస్తుంది?"

"నాకన్నీ తెలిసిపోతాయి. మా కోడలికి కూడా కొంచెం తెలుస్తుంది."

ఆ 'కొంచెం' కోడలికి చురుక్కుమంది. కానీ అత్తగారు గొప్పలు చెప్పుకుపోతున్నకొద్దీ కాగితం మీద మార్కులు పెరుగుతున్నాయని గమనించి, కిమ్మనకుండా ఊరుకుంది.

చివరికి అధికారిణి లెక్క కూడింది. "నాలుగు గంటలొస్తాయమ్మా. ఇంట్లో పెద్దావిడ బాగా చూసుకుంటున్నారు కాబట్టి మిగతా టైము ఇబ్బంది ఉండదు."

కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్తగారు ఆ మొహం చూసింది, కాగితం చూసింది, పాపను చూసింది. గొంతు సవరించుకుంది.

"అది కొట్టేయండి. ఇంకోటి చెప్తా, రాసుకోండి. మొన్న మంగళవారం ఇది ముడి విప్పుకుని రోడ్డెక్కేసింది. వెనకాల పడ్డాను. నాలుగడుగులకే మోకాళ్ళు పట్టేశాయి. అది పోతూనే ఉంది. బస్సు కింద పడబోతుంటే ఎవరో బండాయన ఎత్తుకొచ్చి ఇచ్చాడు."

"మంగళవారమా?" అంది కోడలు. ఆ పొద్దున తను ల్యాబులో ఉంది. ఇంటికొచ్చేసరికి అత్తగారు పాపకు అన్నం కలుపుతూ, ఏమీ జరగనట్టే కబుర్లు చెప్పింది. "నాతో ఒక్క మాట చెప్పలేదేంటత్తయ్యా?"

"చెప్తే మర్నాడు ల్యాబుకెళ్తావా నువ్వు?"

ఇన్నాళ్ళూ ఆవిడ అతిశయం చూసి పళ్ళు నూరుకున్నందుకు కోడలికి సిగ్గేసింది. ఏడుపొచ్చింది కూడా. లేచి వెళ్ళి అత్తగారి పక్కనే కింద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

అధికారిణి నాలుగు కొట్టేసి ఎనిమిది వేసింది. "ఇంకేమైనా రాయాలా పెద్దమ్మగారూ?"

"మా పిల్లకేం వంక లేదని రాయండి ముందు," అంది అత్తగారు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చే మనిషి మాత్రం పరిగెత్తగలిగే మనిషై ఉండాలి. అది కాస్త పెద్దక్షరాలతో రాయండమ్మా," అంది.