ముళ్ళతీగ మీద కిరాణి కోటు

కాంతయ్య చేసిన ద్రోహాన్ని కూర్మయ్య చచ్చేదాకా మరిచిపోడు. అప్ప మొగుడని కూడా చూడకుండా, పేరు పెట్టి, నలుగురు కూర్చున్న చోటల్లా చెబుతాడు. టీ కొట్టు దగ్గర చెబుతాడు, అమ్మవారి గుడి దగ్గర చెబుతాడు. వినేవాడు లేచిపోతే పక్కవాడి వైపు తిరిగి చెబుతాడు.

అది మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ముదిరిన కాలం. అడవిలోని కమ్యూనిస్టులకు తిండీ గుడ్డా అందకూడదని బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు ఎస్టేట్లలో జనాన్నంతా ముళ్ళకంచె లోపలికి తోలారు. ఎస్టేటు ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా, పని చేసే కాంతయ్య బంగళా కంచె అవతల గుట్ట మీద ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, కొత్త క్వార్టర్సు కట్టేదాకా బంధువుల ఇంట్లో ఉండమన్నాడు దొర. కాంతయ్యకు ఉన్న బంధువు ఒక్కడే, భార్య రాసమ్మ తమ్ముడు కూర్మయ్య. రబ్బరు పాలు గీసే కూలీల మీద మండోరు, అంటే మేస్త్రీ. రెండు గదుల లైను ఇల్లు, పెళ్ళాం పాపాయి, తనూ. ఇంకెవరూ లేరు.

కాంతయ్య మంచం తెచ్చాడు, కుర్చీ తెచ్చాడు, ఏడు కోట్లు తెచ్చాడు. అయిదు తెల్ల డ్రిల్లు గుడ్డవి, ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగు ఉన్ని కోటు. ఆ ఉన్ని కోటు పాత దొర సీమకు పోతూ ఇచ్చినది. ఈ దేశపు ఉక్కలో అది తొడుక్కునే రోజు ఏడాదికి ఒక్కటి కూడా రాదు. అయినా అదంటే కాంతయ్యకు ప్రాణం.

రెండు గదుల నడుమ గోడలో మూరన్నర వెడల్పు సందు ఉంటే, దానికి పెట్టె చెక్కలు కొట్టి కూర్మయ్యే ఒక అల్మరా చేసుకున్నాడు. అందులో అతని వానగుడ్డ, పాపాయి పెళ్ళిచీర, ఒక బిస్కెట్ డబ్బా ఉండేవి. డబ్బాలో కంచె అవతలి అరటితోట లైసెన్సు కాగితాలు. అది సర్కారు భూమి. ఏడాదికోసారి లైసెన్సు తిరగరాయించుకోవాలి. మూడేళ్ళు మచ్చ పడకుండా సాగు చేస్తే శాశ్వతంగా గ్రాంటు ఇవ్వమని రాస్తానన్నాడు పెంగులు, ఆ చుట్టుపక్కల ఊళ్ళ మలాయి పెద్ద. ఆ డిసెంబరు దాటితే మూడేళ్ళూ నిండుతాయి. తాత నుంచీ పరాయివాడి చెట్టు గీసిన వంశంలో సొంత నేల మొదట తనదే అవుతుందని కూర్మయ్య రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

వచ్చిన మొదటి రోజే కాంతయ్య అల్మరా తలుపు తెరిచి ముక్కు మూసుకున్నాడు.

"ఒరే కూర్మీ, ఇది అల్మరానా, కోళ్ళగూడా? నా కోట్లు ఎక్కడ పెట్టమన్నావు?"

"ఏడూ ఒకేపాలి తొడుక్కుని ఎల్లు బావా. చలి తగ్గుతాది."

"సదువుకున్నోడి బట్టలురా ఇవి. రెండో క్లాసులో పారిపొచ్చినోడివి, నీకేటి తెలుస్తాది?"

ఆ సాయంత్రం కూర్మయ్య వచ్చి చూస్తే బిస్కెట్ డబ్బా పొయ్యి పక్కన కట్టెల మీద ఉంది. వానగుడ్డ వసారాలో పడి ఉంది. అల్మరా నిండా కోట్లు. లోపల చెక్క మీద సుద్దముక్కతో గీత గీసి ఉంది. గీతకు ఇవతల పాపాయి పెళ్ళిచీర ఒక్కటే.

"వదినా, ఇదేటి న్యాయం?" అంది పాపాయి.

"ఉండనిచ్చినాం కదా నీ చీరని," అంది రాసమ్మ.

రెండు నెలలు అలా గడిచాయి. ఒకే పొయ్యి మీద రెండు కుండలు. ఒకరి ఉప్పు డబ్బా ఒకరు దాచేవారు. వానాకాలం ముదిరి ఇంట్లో ఏది ముట్టుకున్నా చెమ్మే. ఒక ఆదివారం పొద్దున, జీతాల లెక్కలున్నాయని ఆఫీసుకు పోతూ కాంతయ్య తెల్లకోటు భుజం మీద బూజు చూసుకుని ఇంటికప్పు ఎగిరేలా అరిచాడు.

"నీ దిక్కుమాలిన చెక్కల వల్లే! నాను వచ్చేతలికి అల్మరా సరిగ్గా సర్దు. లేదంటే దొరకి సెప్పి నీ మండోరు పని పీకిస్తాను."

కూర్మయ్య పళ్ళు నూరుకుంటూనే సర్దాడు. పని చేతికి వస్తే తప్పుగా చేయడం అతనికి రాదు. అన్నీ బయటికి లాగి, చెక్కలు పొడిగుడ్డతో తుడిచాడు. అడ్డంగా వెదురు బొంగు బిగించి, తెల్లకోట్లు వరసగా తగిలించి, నల్లదాన్ని చేతికందేలా ముందు పెట్టాడు. చెమ్మ పీల్చడానికి అడుగున బొగ్గుల డబ్బా పెట్టాడు. బిస్కెట్ డబ్బాకు పైన చిన్న పలక కొట్టాడు. సుద్దగీత చెరిపేశాడు. చిత్రం, అన్నీ పట్టాయి. మిగిలింది ఉన్ని కోటు. దాని చంకల్లో పచ్చగా బూజు. అలాగే పెడితే మిగతా వాటికి ఎక్కుతుంది.

అప్పుడే కాస్త ఎండ కాసింది. పెరట్లో తాడు మీద రాసమ్మ చీరలు నాలుగు.

"అప్పా, ఒక చీర తియ్యి. నీ మొగుడి కోటే ఆరేస్తాను."

"తియ్యను. నీ ఇల్లు కదా, ఇంకో తాడు కట్టుకో."

ఇంటి వెనక పది బారల దూరంలో కంచె. ముళ్ళతీగకు ఎండ నేరుగా తగులుతోంది. కూర్మయ్య కోటు తీసుకుని అటు నడిచాడు. పాపాయి వెనకే పరిగెత్తింది.

"మావా, వొద్దు! మొన్ననే కదా మైకు బండోడు అరిచి పోనాడు! కంచెకాడ బియ్యం గాని గుడ్డ గాని కనబడితే జైలే అన్నాడు."

"ఎండ ఉన్నంత సేపే. నాను తోటకి ఎల్తన్నాను. గంటాగి నువ్వు తీసీ."

"నాను ముట్టుకోను. ఆళ్ళ కోటు, ఆళ్ళే తీసుకుంటారు."

కూర్మయ్య వినలేదు. ఆ కోటుకు రెండు ముళ్ళు గుచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. గేటు దగ్గర పాసు చూపించి అరటితోటకు పోయాడు. గెలలు దించుకుని, గేటు మూసేలోగా తిరిగి వచ్చాడు. అప్పటికి చినుకులు పడుతున్నాయి. రాసమ్మ తన చీరలు తీసుకుంది. పాపాయి తన పిడకలు తీసుకుంది. కోటును ఎవరూ తీయలేదు. ఇప్పుడది లేదు. తీగ మీద గోధుమరంగు పోగు ఒకటి వేలాడుతోంది, అంతే.

"తియ్యమని నీకు సెప్పినాడు కదా," అంది రాసమ్మ.

"నీ మొగుడిదే కదా," అంది పాపాయి.

కూర్మయ్య కంచె పొడవునా వెతికాడు. కాలవలో చూశాడు. కాంతయ్య ఇంటికి వచ్చాక దాచలేక చెప్పేశాడు.

"నాలుగు రోజులు నోరు మూసుకో బావా. కోటు నాను కుట్టిస్తాను. ఇపో పట్నం ఎల్లి మరీ కుట్టిస్తాను."

కాంతయ్య కుర్చీలోంచి లేచాడు.

"లోపల జేబు మీద నా పేరు కుట్టి ఉన్నాదిరా. రేపు అడివిలో ఎవుడి ఒంటి మీదైనా అది దొరికితే, నానే పంపినానంటారు. ఇండియా ఓడ ఎక్కించీస్తారు నన్ను."

"ఎవుడో కూలోడు లాక్కుపోయుంటాడు. లేపోతే గాలికి పోయుంటాది."

"పోలీసోడికి నువ్వు సెప్పు ఆ మాట."

"సెప్తే నా పాసు పీకీస్తారు. ఈ నెలాకరికి మూడేళ్ళు నిండుతాయి బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నీకు పోయేదేటి? అరటి సెట్లు," అన్నాడు కాంతయ్య.

మర్నాడు పొద్దున్నే అతను అల్మరా తెరిచి చేయి చాచాడు. నల్లకోటు ఒక్కసారికే చేతికి అందింది. అంత బాగా సర్దినవాడు కూర్మయ్యే. ఆ కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, కాంతయ్య పోలీసు చౌకీకి నడిచాడు. కోటు తనదేననీ, తాను ఇంట్లో లేనప్పుడు బామ్మర్ది దాన్ని కంచె మీద వేశాడనీ, ఎవరి కోసం వేశాడో తనకు తెలియదనీ ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాడు.

ఎవరి కోసమో తెలియదట! ఆ ఒక్క మాట చాలింది.

కూర్మయ్యను నాలుగు రోజులు చౌకీలో కూర్చోబెట్టారు. అడవిలో నీకు ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాడు. రబ్బరు గొట్టంతో వీపు మీద అడిగారు. అప్పుడూ ఎవరూ లేరన్నాడు. సాక్ష్యం దొరక్క వదిలేశారు, కానీ గేటు పాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు. పెంగులు ఇంటికి పోతే లోపలికి రమ్మనలేదు. మెట్ల మీద నుంచే, పోలీసు కాగితంలో పేరున్నవాడికి తాను సిఫారసు రాయలేనన్నాడు. డిసెంబరు దాటింది. లైసెన్సు తిరగరాయలేదు. అరటి గెలలు చెట్టునే పండి పక్షుల పాలయ్యాయి. ఆరు నెలల్లో లలాంగ్ గడ్డి నడుమెత్తు పెరిగి, తోట ఎక్కడో గేటు దగ్గర నిలబడి చూసినా ఆనవాలు తెలియకుండా పోయింది.

ఉన్ని కోటు ఎక్కడా దొరకలేదు. అడవిలో దొరకలేదు, ఊళ్ళో దొరకలేదు. కాంతయ్యను ఎవరూ ఓడ ఎక్కించలేదు. మార్చిలో కొత్త క్వార్టర్సుకు మారిపోయాడు. పోతూ అల్మరాలోంచి వెదురు బొంగు కూడా ఊడదీసుకుపోయాడు.

యాభై ఏడులో మెర్దేకా, అదే స్వతంత్రం, వచ్చింది. మైదానంలో జెండా ఎత్తిన రోజు కాంతయ్య తెల్లకోటులో ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. మరుసటి ఏడు కూర్మయ్య తోటకు అటూ ఇటూ సాగు చేసిన ఇద్దరికీ గ్రాంటు కాగితాలు వచ్చాయి. నడిమి ముక్క ఇంకొకడి పేరున రాశారు.

"పోనీ లే, సొంత బావే కదా," అంటారు వినేవాళ్ళు.

కూర్మయ్య అప్పుడు బిస్కెట్ డబ్బా తెరిచి, సర్వే వాడు తోట కొలిచి రాసిచ్చిన పాత కాగితం విప్పుతాడు. చదువు రాదని నవ్వేవాళ్ళకు కూడా ఆ అంకెలు వేలు పెట్టి చూపిస్తాడు: ఒక ఎకరం, మూడు రూడ్లు, పద్నాలుగు పోళ్ళు.