దేవుడి కుండలో పిడికెడు

తిరగలి గుంటలో జొన్నలు పోయబోతూ కృపమ్మ అలవాటుగా ఆగింది. చేటలోంచి పిడికెడు గింజలు తీసి, గూట్లో ఉన్న చిన్న కుండలో వేసింది.

"ఏమే, దేవుడి కుండలో పడిందా?" అని వసారాలో మంచం మీదనుంచి అత్త హన్నమ్మ కేకేసింది.

హన్నమ్మ గొంతు సంగతి కొంచెం చెప్పాలి. ఒకనాడు మాచర్ల రైలు ఆమె కేక విని, ఎదురుగా ఇంకో రైలు కూత పెడుతోందనుకుని గురజాల స్టేషన్లో పొద్దుగూకేదాకా కదలలేదట. ఆ గొంతుకు కృపమ్మ కాపరానికొచ్చిన నాటినుంచీ ఒకటే జవాబు చెబుతోంది.

"పడింది అత్తా."

గురజాల పక్కనున్న ఆ క్రైస్తవుల పల్లెలో ఇంటికొక దేవుడి కుండ ఉండేది. ఎప్పుడో వచ్చిపోయిన మిషను దొరసాని పెట్టిన ఆచారం. వండబోయే గింజల్లోంచి పిడికెడు దాచి, ఆదివారం గుడికి పట్టుకుపోవాలి. దాంతోనే గుళ్ళో ప్రార్థన నడిపే ఉపదేశి అబ్రహాముగారి ఇల్లు గడిచేది. ఆచారంలో తప్పేమీ లేదు. ఇంట్లో పిడికెడు తగ్గితే అది ఎవరి కంచంలో తగ్గుతుందో పాపం ఆ దొరసానికి తెలియదు, అంతే. కృపమ్మ భర్త రాజారత్నం సంఘపెద్ద. ఆయన సంకటి ముద్ద పుచ్చకాయంత ఉండాలి. హన్నమ్మ ముద్ద దానికి కవల చెల్లెలు. ఆ రెండూ తగ్గేవి కావు. అందరి తరువాత కూర్చునేది కృపమ్మ కనుక తగ్గిందంతా ఆమె కంచంలోనే తగ్గేది. ఆదివారం మాత్రం కుండ రాజారత్నం నెత్తికెక్కి ఊరేగేది. సహోదరుడు రాజారత్నంగారిది పెద్ద చెయ్యి అని ఉపదేశి ప్రార్థనలో మెచ్చుకునేవాడు. ఆ పెద్ద చెయ్యి ఏనాడూ చేటను తాకి ఎరగదు.

కిందటి ఎండాకాలం బల్లులు కూడా నాపరాళ్ళ కింద నీడకోసం తగువులాడుకున్నాయి. యుద్ధం రోజులు, గింజ దొరకడమే కష్టం. కుండలో పిడికిలి మాత్రం ఆగలేదు. కృపమ్మ చంటిపిల్ల రొమ్ము చీకి చీకి, పాలు రాక, చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక కళ్ళు మూసింది.

ఎందుకిలా జరిగిందో చెప్పేవాళ్ళకు మాత్రం కరువు రాలేదు. జరమొచ్చిందని ఒకపూట పిడికిలి ఎగ్గొట్టావుగా, దేవుడు ఊరుకుంటాడా అంది హన్నమ్మ. తాను ప్రేమించినవాళ్ళనే దేవుడు పరీక్షిస్తాడన్నాడు రాజారత్నం. దేవుడి తోటకు ఒక మొగ్గ కావలసి వచ్చిందన్నాడు ఉపదేశి. కృపమ్మ ఆ మాటలన్నీ మనసు తిరగలిలో పోసి విసిరీ విసిరీ చూసింది, ఒక్కటీ నలగలేదు. వీళ్ళు చెప్పే దేవుడు ఒక్కడేనా? పిడికెడు జొన్నలకు పగబట్టేవాడూ, పూలకోసం తల్లుల ఒడి తడిమేవాడూ ఆమెకు పరిచయం లేదు. ఆమెకు తెలిసినవాడు తెల్లవారుజామున తిరగలి పక్కన కూర్చుని, చెప్పిందల్లా వినేవాడు. ఒకరోజు ఆయన్నే అడిగింది, "నీకంత ఆకలిగా ఉందా తండ్రీ?" అని. అప్పుడే కడుపులో కొత్త బిడ్డ మొదటిసారి కదిలింది. కృపమ్మ చెయ్యి తిరగలి పిడి మీద అలాగే ఉండిపోయింది. ఆకలి ఎవరిదో ఆమెకు తెలిసింది.

బిడ్డ పోయి ఏడాది తిరిగిన ఆదివారం తల్లి గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి వాడుక. రాజారత్నం ముందే నేర్పాడు.

"దేవుడి చిత్తం అని చెప్పి కూర్చో. ఏడవమాక. సంఘపెద్ద పెళ్ళానివి."

ఆమె ఏడవలేదు. ఆయన నెత్తికెత్తుకోకముందే కుండ తన చంకకెత్తుకుని వెళ్ళి, అందరూ చూస్తుండగా ఉపదేశి నిలబడే ప్రభువు బల్ల ముందు దించింది.

"నా బిడ్డని దేవుడు తీసుకోలా. పాలు లేక పోయింది. పాలెందుకు లేవంటే, నా కూడు ఈ కుండలో ఉంది."

గుళ్ళో విసనకర్రలు ఆగిపోయాయి. ఉపదేశి మెత్తగా, అలా అనకూడదమ్మా, నీ కానుకను ఆయన అందుకున్నాడు అన్నాడు.

"ఒక్క గింజ కూడా ముట్టలేదంట అయ్యగారూ. నేనడిగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీకు చెప్పినోడే. మీకు బల్ల దగ్గర చెప్తాడు, నాకు తిరగలి దగ్గర చెప్తాడు."

ఆడవాళ్ళ చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. రాజారత్నం లేచి, కూర్చోవే అన్నాడు. ఆమె కూర్చోలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "దీన్ని మాత్రం కుండలో వెయ్యను," అంది.

అప్పుడు హన్నమ్మ లేచింది. ఇప్పుడీ గొంతుకు గుడి కప్పు లేస్తుందని అందరూ తలలు వంచుకున్నారు. రైళ్ళను ఆపిన ఆ గొంతు ఈసారి ఆడవాళ్ళ చాపలు కూడా దాటలేదు.

"నాకు ముగ్గురు పోయారు," అంది. "మా అత్త వెయ్యమంటే నేనూ వేశా పిడికిలి. నా పాపం అనుకున్నా ఇన్నాళ్ళూ."

ఇక ఆడవాళ్ళను ఆపేవాళ్ళెవరు? ఒకరి వెనక ఒకరు లేచి తమ కుండలు తెచ్చి ఆ కుండ పక్కన పెట్టారు. ఆ వరస చూస్తే కుమ్మరి కూడా, ఇన్ని ఎప్పుడు చేశానా అని తల గోక్కునేవాడు. రోళ్ళు తెచ్చి అక్కడే దంచి, గుడి ముందే పొయ్యి పెట్టారు. కడుపుతో ఉన్నవాళ్ళూ చంటిపిల్లల తల్లులూ ముందు కూర్చోవాలని హన్నమ్మ తన పాత గొంతుతో శాసించింది. వాళ్ళలో ఉపదేశి భార్య కూడా ఉంది. అందుకేనేమో ఆనాటి ప్రార్థన మహా క్లుప్తంగా ముగిసింది. రాజారత్నం కాసేపు దూరంగా ముఖం మాడ్చుకుని నిలబడి, చివరికి నీళ్ళ బిందె ఎత్తాడు. కుండ మోయడం అలవాటైన తలే కదా.

మర్నాడు పొద్దున సంకటి దిగింది. కృపమ్మ మొదటి ముద్ద తన కంచంలోనే పెట్టుకుని, గోంగూర నంజుకుంటూ, పొయ్యి ముందే తింటోంది.

"ఏమే, దేవుడి కుండలో పడిందా?" అని హన్నమ్మ మంచం మీదనుంచి కేకేసింది.

కృపమ్మ పొట్ట నిమురుకుంది.

"పడింది అత్తా. ఇక లేచి రా, నీకు పెడతా."