మంచుబండి కింద చిల్లులు

ఎడారిలో మంచుబండి ఎందుకని మీకు అనుమానం రావచ్చు. మస్తాన్ వలీకీ వచ్చింది. రియాద్‌లో ఒక పెద్ద మాల్ లోపల ఫ్రిజ్ లాంటి హాలు కట్టి, అందులో మంచు పోసి పిల్లలను ఆడిస్తున్నారు. డబ్బుంటే కొండమీది కోతి కూడా దిగి వస్తుంది, మంచు ఒక లెక్కా? ఆ మంచును చదును చేయడానికి చక్రాలు లేని బండి ఒకటుంది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, పొగ రాకుండా బ్యాటరీ. గట్టు రాళ్ళకు తగిలి దాని ప్లాస్టిక్ అడుగు పగిలింది. కింద అల్యూమినియం రేకు బిగించమని సనాయియా కార్ఖానాల వాడలో ఉన్న అబూ తుర్కీ షెడ్డుకు పంపారు.

ఆ షెడ్డుకే ఎందుకంటే అక్కడ మస్తాన్ వలీ ఉన్నాడు కనక. రాయచోటి నుంచి వచ్చిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఇసుకదిబ్బల మీద ఎగిరే బగ్గీలకు అడుగురేకులు బిగిస్తున్నాడు. ఆయన బిగించిన రేకు ఒక్కటి కూడా తిరిగి షెడ్డుకు రాలేదు. ఈ సంగతి ఆయనే రోజుకు రెండుసార్లు చెప్పేవాడు. అబద్ధం కాదు గానీ, నిజమైనా అన్నిసార్లు చెప్పకూడదు.

ఆయన పనికి ఒక గుర్తుంది. రేకు నిండా ఏటవాలు వరసల్లో చిల్లులు వేసేవాడు. ఒక్కో చిల్లు అంచును చేత్తో నున్నగా రుద్దేవాడు. లోపలికి దూరిన ఇసుక బయటికి రాలిపోవాలి కదా, అందుకు. బండి కింద తొంగి చూసిన ఏ మెకానిక్కయినా "ఇది మస్తాన్ చెయ్యి" అనేవాడు.

ఆయనకు తోడుగా పనిచేసేవాడు పీరయ్య. జగిత్యాల దిక్కువాడు, యాభై దాటాయి. జెద్దాలో చేపల కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్ళు పనిచేశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక ఈ షెడ్డుకు వచ్చాడు. అతని ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇంకా పాత కఫీల్ యజమాని పేరు మీదే ఉంది. అబూ తుర్కీ నకల్‌కు ఒప్పుకుని తన పేరు మీదికి మార్చుకుంటే ఉంటాడు, లేదంటే వచ్చేవారం ఇంటికే. ఇంట్లో ఇద్దరు కూతుళ్ళు నర్సింగ్ చదువుతున్నారు. ఇదంతా మస్తాన్ వలీకి బాగా తెలుసు. మలాజ్ పేటలో ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి.

రేకు కోయడం, ముక్కు దగ్గర వంచడం అయిపోయింది. మస్తాన్ వలీ డ్రిల్లు అందుకోగానే పీరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఉస్తాద్, దీనికి చిల్లులు వద్దేమో. ఇసుక రాలుతది గానీ మంచు రాలది. పట్టుకుంటది. మా కోల్డ్ స్టోరేజీల తలుపు కింద ఏలంత సందుంటే తెల్లారేసరికి గడ్డయ్యేది."

"చేపల పెట్టెలు మోసినోడివి, నాకు పని నేర్పిస్తావా పీరన్నా?" అన్నాడు మస్తాన్ వలీ. "లోపలికి పోయిందానికి బయటికి పోను దారుండాల. ఇసుకైతే ఏమి, మంచైతే ఏమి?"

చిల్లులు పడ్డాయి. ఎప్పటికన్నా అందంగానే పడ్డాయి.

గురువారం పొద్దున, పిల్లలు రాకముందు, మంచుహాల్లో బండి నడిపి చూశారు. అబూ తుర్కీ వచ్చాడు, మాల్ ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. అందరూ అద్దెకిచ్చే లావుపాటి కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. మొదటి పది చుట్లు బండి వెన్నలా నడిచింది. మస్తాన్ వలీ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, రేకు తిరిగిరాని కథ ముదీర్‌కు అరబ్బీలో చెబుతున్నాడు. పదకొండో చుట్టులో హ్యాండిల్ తిరగలేదు. బండి తిన్నగా పోయి రెయిలింగుకు ముక్కు గుద్దుకుంది. నడిపే కుర్రాడికి దెబ్బ తగల్లేదు గానీ, ముదీర్ ముఖం మాడిపోయింది.

బండిని పక్కకు ఒరిగించి చూశారు. చిల్లుల్లోంచి మంచు దూరి, రేకుకూ ప్లాస్టిక్‌కూ మధ్య అచ్చుపోసినట్టు గడ్డకట్టింది. పగులులోంచి పైకి పాకి స్టీరింగ్ రాడ్డును పట్టేసింది. ఒక్కో చిల్లులోంచి ఒక్కో మంచుమేకు బయటికి పొడుచుకొచ్చి, వరస వరసగా మెరుస్తోంది.

"ఎవరు వేశారు ఈ చిల్లులు?" అన్నాడు అబూ తుర్కీ.

మస్తాన్ వలీ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే లేచింది.

"ఈయన" అన్నాడు, పీరయ్యను చూపిస్తూ. "నేను వద్దన్నాను."

'నేను వద్దన్నాను' అనవలసిన మనిషి పక్కనే ఉన్నాడు. పీరయ్య ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు, దారిన పోతూ తెలిసిన మనిషేనా అని చూసినట్టు చూశాడు. తర్వాత అబూ తుర్కీ వైపు తిరిగి, "ఐవా. నేనే" అన్నాడు.

అబూ తుర్కీ ఆ రేకును చాలాసేపు చూశాడు. "కొత్తది చెయ్యండి. నకల్ సంగతి ఆదివారం చెబుతాను" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గదిలో పీరయ్య ఎప్పటిలాగే అన్నం వండి, పచ్చిపులుసు చేసి, ముందు మస్తాన్ వలీ పళ్ళెంలోనే పెట్టాడు. మస్తాన్ వలీ ముద్ద కలిపి పళ్ళెంలోనే ఉంచాడు.

"ఎందుకు ఒప్పుకున్నావన్నా?" అని అడిగాడు చివరికి.

"నువ్వు అననే అంటివి. నేను కాదంటే మనిద్దరం పరాయోళ్ళ ముంగట కొట్లాడుకున్నట్టుంటది. తిను, సల్లారుతది."

తిట్టి ఉంటే మస్తాన్ వలీకి అన్నం దిగేది. శుక్రవారం మసీదులో సజ్దాలోకి వంగినప్పుడు నుదురు పైకెత్తబుద్ధి కాలేదు. దేవుడి మీద భక్తితో కాదు, లేస్తే పక్కవాళ్ళకు ముఖం చూపించాలి కదా, ఆ సిగ్గుతో. తిరిగొచ్చేసరికి పీరయ్య మంచం కింది సూట్‌కేసు బయటికి తీసి దుమ్ము తుడుస్తున్నాడు. ఊరికే తుడుస్తున్నాను అన్నాడు.

ఆ సూట్‌కేసు చూశాక మస్తాన్ వలీ ఆదివారం దాకా ఆగలేకపోయాడు. శనివారం అసర్ నమాజు కాగానే అబూ తుర్కీ గదిలోకి వెళ్ళి, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాడు. చిల్లులు నావి, వద్దన్నది పీరయ్య, నేను అబద్ధమాడాను.

అబూ తుర్కీ ఖహ్వా కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "బండి ఒరిగించినప్పుడే తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా నీ చిల్లులు చూస్తున్నాను. అతని చేతికి అంత తిన్నగా రావు."

మస్తాన్ వలీకి తల కొట్టేసినట్టయింది. మూడు రోజులుగా దాచిపెట్టుకున్నది అసలు దాగనే లేదు.

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నువ్వంటావని చూశాను. మంచు సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు, ఆ తప్పు వదిలేశాను. రెండో తప్పు నాకు చెప్పకు, అతనికి చెప్పు. నకల్‌కు నిన్ననే ఫోన్లో ఒప్పుకున్నాను. ఆ మాట కూడా నువ్వే చెప్పు."

షెడ్డులో పీరయ్య కొత్త రేకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క చిల్లూ లేని రేకు. బోల్టులకు మాత్రమే గుర్తులు పెట్టాడు.

"ఉస్తాద్, ఈ మూల వంగుతలేదు. జర చూడు."

మస్తాన్ వలీ ఎదురుగా కింద కూలబడ్డాడు. నకల్ అయిందని చెప్పాడు. అబూ తుర్కీ ముందు నిజం ఒప్పుకున్నానని చెప్పాడు. తప్పయిందన్నా అన్నాడు. పీరయ్య గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, కళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు. "పిల్లలకు ఫోన్ చెయ్యాలె" అన్నాడు. అంతే.

"ఇంకమీద నన్ను ఉస్తాద్ అనొద్దన్నా" అన్నాడు మస్తాన్ వలీ.

"మరేమనాలె?"

అబద్ధాలకోరు అన్న పేరు మస్తాన్ వలీ మనసులో ఉంది గానీ నోటికి రాలేదు. అదేం మాట, నువ్వెప్పటికీ ఉస్తాద్‌వే అని పీరయ్య అంటాడేమోనని, సిగ్గులేని ఆశ ఒకటి లోపల కాచుకుని కూర్చుంది. పీరయ్య సుత్తి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"సరే మస్తాన్, మూల వంచు" అన్నాడు.