ఖాళీగా వెళ్లని బిందె

నేను ఒక ఇత్తడి బిందెను. బుడితి అనే ఊరి కంచరి ఒకడు నన్ను సుత్తితో సాగగొట్టి, పొట్ట గుండ్రంగా, మెడ సన్నగా తీర్చాడు. ఆనాటి దెబ్బలు ఇప్పటికీ నా ఒంటి మీద చిన్న చిన్న పలకల్లా మెరుస్తుంటాయి. మనుషులు వాటిని అందం అంటారు. దెబ్బలు తిన్నది వాళ్లు కాదు కదా.

నీళ్లు మోయడానికి పుట్టాను గానీ, నేను నీళ్లు మోసింది తక్కువ. గెడ్డవలసలో ఒక గ్రామసేవకుడు ఉండేవాడు. రైతులంతా తమ పంటలో మేలైనది తెచ్చి బడి ముందు పెట్టాలని, ఏటా మాఘమాసంలో ఆ ప్రదర్శన జరపాలని ఆయన తలపెట్టాడు. గెలిచినవారికి ఇవ్వడానికి నన్ను కొన్నాడు. మరుసటి ఏడు ఇంకో బిందె కొనే స్తోమత ఊరికి లేకపోయింది. గెలిచినవారు నన్ను ఏడాది ఉంచుకుని తిరిగి తెచ్చి ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. ఇచ్చిన బహుమతిని వెనక్కి అడగడానికి మనుషులు ఎంత పెద్ద మాటలు వెతుక్కుంటారో ఆ రోజు విన్నాను.

మొదట గెలిచింది ఆనపకాయలు పండించే సూరమ్మ అనే ముసలావిడ. ఏడాది తిరిగాక నన్ను చంకనెత్తుకుని గడప దాటి, ఠక్కున ఆగిపోయింది. ఖాళీ బిందె ఎదురొస్తే ఊరికి మంచిది కాదు. నీళ్లు నింపితే తను మోయలేదు. వెనక్కి వెళ్లి ఆనప గింజలు నాలో పోసుకుని వచ్చింది. బడి దగ్గర జనం తలా గుప్పెడు పట్టుకుపోయారు. ఆ ఏడు ఊరంతా ఆనపకాయలే. ఆ కూర పేరెత్తితే పిల్లలు ఏడ్చేవారు. అయినా అప్పటినుంచి అదే కట్టుబాటయింది. గెలిచిన పంట గింజలు నా అడుగు కనబడకుండా పోసి తేవాలి. అందరూ పంచుకోవాలి.

అలా చాలా ఇళ్లు తిరిగాను. ఒకాయన నన్ను దేవుడి గూట్లో పెట్టి రోజూ పసుపు రాశాడు. ఇంకొకాయన నాలో బెల్లం దాచాడు. చీమలతో ఏడాది కాపురం చేశాను.

తర్వాత దాలమ్మ చేతికి వచ్చాను. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుమ్మడి విత్తనం మహా గొప్పది. కాయను ఇద్దరు మనుషులు కావిడి కట్టి మోయాలి. మరుసటి మాఘానికి ఆమె నాలో గింజలు పోస్తుంటే నా ఒళ్లు చురుక్కుమంది. అవి వెచ్చగా ఉన్నాయి. పుట్టింటి గుమ్మడి పరాయి పాకల మీద పాకడం ఇష్టం లేక, దాలమ్మ వాటిని పెనం మీద రంగు మారకుండా వేపేసింది.

ఆ ఏడు ఆ గింజ ఎవరింటా మొలవలేదు. కొందరు వానను తిట్టారు, కొందరు చీమలను. దాలమ్మ తోడికోడలు ఆదెమ్మ మాత్రం తన చేతినే తప్పు పట్టుకుంది. కొందరి చెయ్యి నాటడానికి మంచిది కాదంటారు కదా, తనదీ అలాంటిదేనని నమ్మింది. దాలమ్మ గుమ్మడికి సాటి లేక ఏటా నేను ఆమె ఇంటికే తిరిగి వెళ్లాను. మరుసటి ఏడూ వేపుడు గింజలే వచ్చాయి, మరుసటి ఏడూ ఆమెకు మొలవలేదు. అంతటితో కాకరపాదు దగ్గర కూడా ఆమె చెయ్యి పెట్టడం మానేసింది. నాకు నోరుంది గానీ మాట లేదు.

మూడో ఏడు దాలమ్మ తను నాటుకోవడానికి మంచి గింజలు ఒక కుండలో, వేపినవి ఒక కుండలో పోసి ఒకే ఉట్టి మీద పెట్టింది. ప్రదర్శన నాటి తొందరలో కుండలు తారుమారయ్యాయి. ఆ పొద్దు గింజలు నాలోకి దిగినప్పుడు వేపుడు వాసన లేదు. ఆదెమ్మ పదిమందిలో కాదనలేక గుప్పెడు తీసుకుంది. ఇంటికి పోయి, నాటకుండా పెంటకుప్ప మీద విసిరేసింది.

వానలు పడ్డాయి. ఊళ్లో ప్రతి పాక మీదా గుమ్మడి తీగ పాకింది, దాలమ్మ పాక మీద తప్ప. ఆమె నాటుకున్నవి వేపుడు గింజలు. ఎవరినైనా గింజ అడిగితే గుట్టు బయటపడుతుంది. అడక్కపోతే పుట్టింటి విత్తనం పోతుంది. మాఘం వచ్చేసింది. నన్ను ఖాళీగా తీసుకెళ్లకూడదు, నింపడానికి ఆమె దగ్గర ఒక్క గింజ లేదు.

ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం నన్ను చీరకొంగు కింద దాచుకుని, పెరటి దారిన ఆదెమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ పెంటకుప్ప మీద దూడంత గుమ్మడికాయ పడుకుని ఉంది.

"ఖాళీ బిందెతో ఎదురొచ్చినావేటప్పా?" అంది ఆదెమ్మ. తర్వాత కాయ వైపు చూసి, "నాటితే మొలవనేదు, ఇసిరితే మొలిసినాది. నా సెయ్యి అలాటిది" అంది.

దాలమ్మ నన్ను కింద పెట్టింది. కొంగుతో నా అంచు తుడిచింది.

"నీ సెయ్యికేటీ అవనేదే. ఆ రెండేళ్లూ గింజలు నానే వేపేసి ఇచ్చినాను."

ఆదెమ్మ తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. దాన్ని ఆమె మళ్లీ కొత్తగా చూస్తోందని నాకు అనిపించింది. దాలమ్మ తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది.

"మరి ఉప్పెయ్యకుండా వేపినావేటప్పా?" అంది ఆదెమ్మ చివరికి. "తినడానికైనా పనికొచ్చును."

ముందు నవ్వింది ఎవరో చెప్పలేను, ఆ నవ్వు నా లోపల కూడా మోగింది. ఆదెమ్మ కత్తిపీట తెచ్చి, పక్కనున్న ఇంకో కాయ కోసింది. ఇద్దరూ కూర్చుని తడి గింజలను నాలోకి దులిపారు. మర్నాడు దాలమ్మ నన్ను నెత్తిన పెట్టుకుని బడి దగ్గరికి నడిచింది. నా అడుగు కనబడలేదు. పెంటకుప్ప మీది కాయ గెలిచింది, నన్ను ఆదెమ్మ చేతికి ఇచ్చారు. ఆ వానలకు తోడికోడళ్లిద్దరూ గింజలు నాటారు. ఆదెమ్మ నాటినవే ముందు మొలిచాయి.

ఇప్పుడు ప్రదర్శనలో మెరిసే కప్పులు ఇస్తున్నారు. నా అడుగున చీలిక పడింది, నీళ్లు నిలవవు. గింజలు కారవు కాబట్టి నన్ను ఇంకా బల్ల మీద పెడుతున్నారు. నాలోంచి గుప్పెడు తీసిన ప్రతివాళ్లూ ముందు ఒక గింజ కొరికి చూస్తారు. ఎందుకని అడిగితే, మా ఊరి ఆచారం అంటారు. దాన్ని మొదలుపెట్టిందీ, ఇప్పటికీ అందరికంటే ముందు వచ్చి, అందరికీ వినబడేలా కొరికేదీ ముసలి దాలమ్మే. "పచ్చిదే" అని చెప్పి పక్కకు జరిగి, తోడికోడలికి దారి ఇస్తుంది.