సాల్వీన్ యునైటెడ్ మొదటి గోల్‌కీపర్

బర్మాలో సాల్వీన్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుకి మొట్టమొదటి గోల్‌కీపర్ మన శ్రీకాకుళం మనిషి. పేరు కొండయ్య. నూరేళ్ల కింద మౌల్మేన్ రేవులో ఒక చేత్తో బంతులాపుతూ, రెండో చేత్తో చుట్ట కాల్చుకునేవాడు.

ఈ చరిత్రను నేను ఒక సోమవారం పొద్దున, సింగపూర్‌లో మా క్రాంజీ డార్మిటరీ నుంచి జురాంగ్ ఐలాండ్‌కి పోయే లారీలో, తోటి తెలుగువాళ్లందరి ముందూ ప్రకటించాను. మధ్యాహ్నం భోజనాలకల్లా అది అబద్ధమని, ఒక్క నా ముందే, తేలిపోయింది.

తేల్చినవాడు జా మిన్. మౌల్మేన్ కుర్రాడు, మా ప్లాంటులోనే వెల్డర్. సింగపూర్ అలవాటు అంటుకుని మాట చివర "లా" తగిలిస్తాడు. మా స్నేహం గోంగూర దగ్గర మొదలైంది. వాళ్లూ గోంగూర తింటారు. నా పచ్చడి సీసా మొత్తం ఊడ్చేసి, సిగ్గుపడి, బదులుగా తన క్లబ్బు జెర్సీ ఇచ్చాడు. అదెంత పసుప్పచ్చగా ఉంటుందంటే, నేను వేసుకుని నిలబడితే చాంగీలో దిగాల్సిన విమానాలు మా ప్లాంటు వైపు తిరిగేవి. లారీలో అందరూ "ఎవడి పెళ్లిరా?" అని ఏడిపిస్తుంటే పరువు నిలబెట్టుకోడానికి కొండయ్యను పుట్టించాను.

భోజనాల దగ్గర కొండయ్య పేరెత్తకుండా, మీ క్లబ్బుకి నూరేళ్లు కదా అన్నాను. "నూరేళ్లా?" జా మిన్ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. "మా క్లబ్బు పుట్టింది యాభై ఎనిమిదిలో లా. నది మీద లాంచీలు నడిపేవాళ్లు పెట్టుకున్నారు. పదకొండు మందికి ఆరు జతల బూట్లు."

"మరి మిగతా అయిదుగురు?"

"గట్టిగా అరిచేవాళ్లు."

ఆ తర్వాత వాణ్ణి ఆపడం నా తరం కాలేదు. రెండువేల తొమ్మిదిలో వాళ్ల దేశంలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే వీళ్లూ చేరారట. రెండుసార్లు కింది డివిజన్‌కి జారిపోయి, రెండుసార్లు మళ్లీ పైకొచ్చారట. ఒకే ఒక్కసారి లీగ్ కప్పు గెలిచారు, అదీ పెనాల్టీల్లో. ఆ కప్పుని లాంచీలో పెట్టి నది పొడుగునా తిప్పితే, ఒడ్డున ఉన్నవాళ్లు చూడ్డానికి నీళ్లలోకి దిగిపోయారట. ఇప్పుడు మొదటిసారి బయటి దేశాల కప్పులో సెమీఫైనల్ అంచు దాకా వచ్చారు. ఆదివారం సాయంత్రం బూన్ లే పక్కన స్టేడియంలో ఇక్కడి క్లబ్బుతో గ్రూపులో ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా చాలు. ఇదంతా చెబుతూ జా మిన్ ఎప్పుడు బెంచీ ఎక్కాడో వాడికే తెలీదు. నాకూ ఒళ్లు ఝల్లుమంది. అసలు చరిత్ర నా అబద్ధం కంటే వంద రెట్లు బాగుంది. సాయంత్రం లారీలో దిద్దుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

దిద్దుకోలేదు. డార్మిటరీ వంటగదిలో బియ్యం కడుగుతుంటే నూకరాజు బాబాయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. స్కాఫోల్డింగ్ కట్టే మనిషి, మాట బహు తక్కువ. ఆరు నెలలకోసారి నవ్వుతాడు, అదీ సేఫ్టీ ఆఫీసర్ పర్మిషన్ తీసుకుని.

"ఒరే తిరుమలేషూ, పొద్దున సెప్నావే కొండయ్యని. ఇంటిపేరేటిరా?"

"ఇంటిపేరు ఎక్కడా లేదు బాబాయ్. ఏం?"

"మా తాత పేరు కొండయ్యేరా. యుద్ధం ముందర మౌల్మేన్ రంపపు మిల్లుకి ఎల్లాడు. మళ్లీ రానేదు. ఎప్పుడు పోనాడో, ఎక్కడ పోనాడో, ఒక్క కబురు నేదు."

మా వైపు ప్రతి వీధిలో ఒక కొండయ్య ఉంటాడు. ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు రంగం పోయినవాళ్లే. రంగూన్‌ని రంగం అంటాం, అసలు బర్మా అంతా మాకు రంగమే. ఎవరికీ అనుమానం రాకుండా ఉంటుందనే ఆ పేరూ ఆ ఊరూ కలిపాను. అది ఎవరికైనా పోయి తగులుతుందని నాకు తోచలేదు.

"తిథి తెలీదు గదా," అన్నాడు బాబాయ్ చెయ్యి తుడుచుకుంటూ. "మా నాయిన మహాలయ అమాసకే పెట్టీవోడు. ఇప్పుడు నాను పెడతన్నాను. తిథి తెలీనోళ్లందరికీ పెట్టీ రోజది. మా బాలనాగమ్మత్త ఉంది, ఎనభై దాటీసాయి. తండ్రి మొకం ఎరగదు. ఎప్పుడూ ఒకటే మాట. మా అయ్యకి ఆయన రోజున అన్నం పెట్టండిరా అని."

అప్పుడు చెప్పేయాలి. చెప్పడానికే నోరు తెరిచాను. బయటికొచ్చింది మాత్రం ఇది: "గ్లవ్స్ లేక చేతులకి అరటాకులు కట్టుకునేవాడంట బాబాయ్."

బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక ఆపడం చేతకాలేదు. మంగళవారం కొండయ్య ఛాతీతో పెనాల్టీ ఆపాడు. బంతి రెండు ముక్కలైంది, ఒక ముక్క లోపలికి పోయింది, రిఫరీ అర గోల్ ఇచ్చాడు. బుధవారం రంపపు మిల్లు ఏనుగు వచ్చి గోల్ వెనక నిలబడింది. అవతలి ఫార్వర్డ్ కాళ్లు రాక ఇంటికెళ్లిపోయాడు. బాబాయ్ పర్మిషన్ లేకుండా నవ్వుతున్నాడు. జా మిన్ దగ్గర బర్మా నినాదాలు నేర్చుకుని, గొట్టాలు బిగిస్తూ పాడుతున్నాడు. లారీ మొత్తం సాల్వీన్ యునైటెడ్ అభిమానులైపోయింది.

శనివారం బాబాయ్ బాంబు పేల్చాడు.

"జట్టుతో ఒక ముసలాయన వొస్తన్నాడంటరా. జెర్సీలూ బూట్లూ సూసుకునీవోడంట, క్లబ్బు పెట్టిన కాడి నుంచీ ఉన్నాడంట. మ్యాచ్ అవగానే తాత ఏ రోజున పోనాడో అడిగీస్తాను. అత్తకి ఫోన్ సేసి సెప్పీసాను."

పరుగెత్తాను. జా మిన్‌ని పట్టుకుని, మ్యాచ్ అయ్యాక జట్టువాళ్లు మన దగ్గరికి వస్తారా అని అడిగాను. "ఓడిపోతే ఎవరూ రారు, నేరుగా బస్సెక్కేస్తారు. సెమీస్‌కి పోతే మాత్రం జట్టు జట్టంతా మన దగ్గరికే లా!" అన్నాడు. అంటే నేను బతకాలంటే సాల్వీన్ యునైటెడ్ ఓడిపోవాలి.

ఆదివారం బాబాయ్ అందరికంటే ముందెళ్లి, టిష్యూ ప్యాకెట్లు పెట్టి రెండు వరుసలు చోప్ చేసేశాడు, అంటే ఇక్కడి పద్ధతిలో సీట్లు ఆపేశాడు. స్టాండ్ నిండా పసుపు. డప్పులు, ఈలలు, మధ్యలో మనవాళ్ల "కొట్రా, కొట్టు!" మొదట నేను ఎంతో క్రమశిక్షణతో ఓటమి కోరుకున్నాను. అది పావుగంట నిలబడింది. సాల్వీన్ వాళ్ల కుర్ర వింగర్ ఇద్దరిని తప్పించుకుని, లైను మీద నుంచి గుండ్రంగా తిప్పి గోల్ కొడితే, నేను ముందు సీటాయన భుజాలెక్కి ఉన్నాను. ఎలా ఎక్కానో తెలీదు. సెకండ్ హాఫ్‌లో అవతలివాళ్లు సమం చేశారు. ఇంక అక్కడి నుంచి దాడి మీద దాడి. బంతి ఒకసారి బారుకి తగిలింది, ఒకసారి స్తంభానికి తగిలింది, ఒకసారి మా గోల్‌కీపర్ మొహానికి తగిలింది.

ఆట ముగుస్తుందనగా రిఫరీ వేలు పెట్టి చుక్క చూపించాడు. పెనాల్టీ. అవతలివాళ్లకి.

ఇది గోలైతే జట్టు బస్సెక్కుతుంది, ముసలాయన బస్సెక్కుతాడు, నేను బయటపడతాను. పక్కన బాబాయ్ రెయిలింగ్ పట్టుకుని నేర్చుకున్న నినాదాలన్నీ ఒకేసారి గొణుగుతున్నాడు.

"ఎడమకిరా బాబూ, ఎడమకి!" అని ఎవరో గొంతు చించుకుని అరిచారు. చూస్తే నేనే.

గోల్‌కీపర్ ఎడమకే దూకాడు. బంతి వాడి వేళ్లకి తగిలి పక్కకి పోయింది.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. డప్పు పగిలింది. జా మిన్ ఏడుస్తున్నాడు. ఎప్పుడూ చూడని మనిషి నన్ను ముద్దు పెట్టుకున్నాడు. విజిల్ మోగింది, సెమీఫైనల్! బాబాయ్ నన్ను పిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి తిప్పి దించాడు. కళ్లు తుడుచుకోకుండానే ఫోన్ తీసి అత్తకి వీడియో కాల్ కలిపాడు.

"అత్తా, వొస్తన్నారే, ఇటే వొస్తన్నారు!"

జట్టంతా కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వెనకాల బూట్ల సంచి మోసుకుంటూ ముసలాయన. జా మిన్ ఆయన్ని పట్టుకొచ్చాడు. పేరు ఊ థేన్ అని, ఊ అంటే గారు అని చెప్పాడు. బాబాయ్ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు.

"అంకుల్, ఫస్ట్ గోల్‌కీపర్ కొండయ్య. మై గ్రాండ్‌ఫాదర్. విచ్ డే డై?"

జా మిన్ అర్థంకాక నా వైపు చూసి, అయినా బర్మా భాషలో అడిగాడు. ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వి ఏదో చెప్పాడు. జా మిన్ నెమ్మదిగా తిప్పి చెప్పాడు. "మొదటి గోల్‌కీపర్ ఈయన సొంత అన్న అంట. ఇంకా బతికే ఉన్నాడంట, కిళ్లీ కొట్టుంది. యాభై ఎనిమిదికి ముందు అసలు క్లబ్బే లేదంటున్నాడు. తిరు, ఈ కొండయ్య ఎవరు లా?"

చుట్టూ పాటలు పాడుతూనే ఉన్నారు. బాబాయ్ నా వైపు తిరిగాడు. తిట్టలేదు, కొట్టలేదు.

"ఏటిరా?" అన్నాడంతే.

నేను తల దించుకున్నాను. బాబాయ్ ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నానయితే సెప్పనేను. నువ్వే సెప్పు."

తెరమీద బాలనాగమ్మ మామ్మ. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. పక్కన పంతులుగారు పంచాంగం తెరిచి పెట్టుకుని ఉన్నారు.

"సెప్పు బాబూ," అంది మామ్మ. "ఇంగిలీసు తారీకైనా ఫరవానేదంట. పంతులుగారు తిథి సూసి సెప్తారంట."

"మామ్మా, నా పేరు తిరుమలేషు. పంతులుగారిని పుస్తకం మూసేయమను. బాబాయ్ చెప్పిందంతా నేను చెప్పిందే, నేను చెప్పిందంతా అబద్ధం. లారీలో నన్ను ఏడిపిస్తుంటే పేరూ ఊరూ నోటికొచ్చినవి అనేశాను. మీ అయ్య అని తెలిశాక కూడా ఆపలేదు. బాబాయ్ నవ్వుతుంటే బాగుంది, అందుకని ఇంకా ఇంకా కల్పించాను. అరటాకులు నావే, ఏనుగూ నాదే. మీ అయ్య గురించి నాకేమీ తెలీదు మామ్మా. ఆయన రోజు ఏదో నాకు తెలీదు."