పాడినవారు: గుమ్మలగుడ

సంత రోజు అరకులో కరెంటు ఉండడమే ఒక మేలు. ఆ శుక్రవారం ఉంది.

రెండు వేల తొమ్మిది వానాకాలం అది. నా భార్య ఉమామహేశ్వరి పోయాక ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోలేక, స్టేషను దారిలో గది తీసుకుని ఇంటర్నెట్ సెంటరు పెట్టాను. ఉన్నది ఒకటే కంప్యూటరు. ఫోను తీగ మీద ఈడ్చుకుంటూ నడిచే కనెక్షను.

మధ్యాహ్నం సుక్రు తన కూతురు నిర్మలను వెంటబెట్టుకుని వచ్చాడు. హుకుంపేట అవతల గుమ్మలగుడ వాళ్ళది. నర్సింగు చదవడానికి ఏ కాలేజీ కావాలో సాయంత్రం అయిదులోగా ఆన్‌లైన్‌లో చెప్పాలి. లేకపోతే ఈ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే.

సైటు తెరిచే వేళ ఇంకా కాలేదు. ఈలోగా నిర్మల ఫోనులోంచి చిన్న మెమరీ కార్డు తీసి ఇచ్చింది. చైత్ర పండక్కి వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు థింసా ఆడుతూ పాడిన పాటలు.

"హాస్టల్‌కి పట్టుకెళ్తాను సార్. సీడీ చేస్తారా? కార్డు మా అన్నది. సినిమా పాటలు ఎక్కించుకుంటాడట, వీటిని తుడిచేసి ఇచ్చేయాలి."

పాటలు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒకటి పెట్టుకుని విన్నారు. సుక్రు అరుగు మీద కూర్చునే కాలు కదిపాడు. తర్వాత నిర్మల పాటల ప్రోగ్రాం మూసేసి, కార్డు తుడిచి సంతలో ఉన్న అన్నకి ఇచ్చేసి వచ్చింది.

సైటు తెరిచే వేళయింది. పేజీ మాత్రం రాలేదు. తెల్లటి తెర, కింద నత్తలా పాకే గీత. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. గోడ గడియారం నాలుగు దాటింది.

టీ తెచ్చిన చిట్టెమ్మ తెరకేసి చూసింది. "ఏటి మాస్టారూ, మీ పెట్టి ఇంకా నిద్ర లేవనేదా?"

"లేచే ఉంది చిట్టెమ్మా. మన పని తప్ప అన్నీ చేస్తోంది."

నిజంగానే మోడెం దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఎవరో వాడుతున్నట్టే. తెర మూల, గడియారం పక్కన చూశాను. మూసేశామనుకున్న పాటల ప్రోగ్రాం చిన్న బొమ్మై అక్కడే కూర్చుని ఉంది. నొక్కితే చెప్పింది: పాటల వివరాలు వెతుకుతోందట. పేరేమిటి, పాడిందెవరు అని ఉన్న తీగంతా పట్టుకుని ఊరూరా అడుగుతోంది.

బలవంతంగా ఆపాను. క్షణంలో మళ్ళీ లేచింది. వెతకడం మానిపించే మీట ఎక్కడుందో నాకు దొరకలేదు.

"ఎక్కడా దొరకవు కదా సార్," అంది నిర్మల. "మా పాటల పేర్లు ఎవరు రాసుంటారు?"

"దొరకవు గనకే ఆగడం లేదమ్మా. పాటలు తీసేస్తే ఆగుతుంది. సీడీ చేసేంత వ్యవధి లేదు."

కార్డు ఖాళీ చేసి ఇచ్చేసింది. ఇక ఆ పాటలున్నది ఈ కంప్యూటర్లోనే. నిర్మల గోడ గడియారం కేసి చూసింది. తర్వాత, "తీసేయండి సార్," అంది, తెర వైపు చూడకుండా.

సుక్రు అరుగు మీంచి లేచి వచ్చాడు. "ఆగండి బాబూ. దానికేటి కావాలట?"

"పేరు. పాడినవాళ్ళ పేరు."

"అంతేనా! పేరు పెట్టీసినంక ఊరుకుంటాదా?"

ఆ మాట నాకు తట్టనే లేదు. ఊరుకోవచ్చు. మొదటి పాట వివరాలు తెరిచాను.

"ఇది సెలమకి నీళ్ళకెళ్ళినపుడు పాడతారు. నీళ్ళ పాట అని రాయండి."

"పాడిందెవరు?"

సుక్రు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఆ పొద్దు మా వదిన ఎత్తుకుంది. ఇంకో పొద్దు ఇంకొకలు ఎత్తుకుంటే ఆలదవుద్ది. మా వదిన పేరు రాసినారనుకో, మిగతా ఆడోలు నన్ను ఊళ్ళోకి రానిత్తారా?"

"ఖాళీ ఉంచితే ఆగదు సుక్రూ."

"అయితే ఊరి పేరు రాసీండి. అందరూ పాడినారు గదా."

గుమ్మలగుడ అని రాశాను. ఆరు పాటలు. సామకోత పాట, మామని ఆటపట్టించే పాట, వాన పాట. సుక్రు చెబుతుంటే నిర్మల అక్షరాలు సరిచూసింది. వేళ్ళు నొప్పి పుట్టాయి, కళ్ళు మండాయి. ఆఖరి పాటకి ఊరి పేరు పెట్టగానే మోడెం దీపాల కొట్టుకోవడం నెమ్మదించింది. మూల బొమ్మ మాయమైంది.

పేజీ వచ్చింది. గడువుకి కొద్ది నిమిషాలే ఉన్నాయి.

నిర్మల కాలేజీల పేర్లు వరసగా పెట్టింది. సుక్రు మా వెనక నిలబడి అడిగాడు. "పైన ఏటి రాసినావు? పాడేరేనా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. "విశాఖపట్నం, నాన్నా. పాడేరు దాని కింద."

బయట సంత సర్దుకుంటున్నవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. పాడేరైతే ఆదివారానికి ఇంటికి వస్తుందని, వచ్చినప్పుడే సుక్రు నాతో అన్నాడు.

"సరే, బేగి నొక్కే గుంటా," అన్నాడు చివరికి. "ఆలోచించుకోడానికి నాకు టైమిచ్చినావనుకో, పాడేరే అంతాను."

నిర్మల నొక్కింది.