పదకొండో నంబరు నవ్వలేదు

మా ఆవిడ ఎర్లీన్ తన రివాల్వర్‌ని పిండి డబ్బాలో దాచేది. మా చర్చి కిటికీలు ఎవరో తుపాకులతో పగలగొట్టిన ఏడాది కొన్నది. ఆమె పోయి నాలుగేళ్ళయినా అది ఆ డబ్బాలోనే ఉంది. దాని సంగతి మిసిసిపీలోని మా జిల్లా కోర్టులో చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

జ్యూరీకి పిలిచిన నలభై మందిలో మేం నల్లవాళ్ళం తొమ్మిదిమంది. నాది పదకొండో నంబరు. ఎదురుగా ముద్దాయి, నల్లకుర్రాడు డెమారియో కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళు. ఎవరో ఇచ్చిన కోటు, దాని చేతులు పొట్టి. తన కారుని వెంటాడి, అడ్డగించి, ఇనుప రాడ్‌తో దిగిన తెల్లవాణ్ణి కాల్చాడు. ప్రాణం కాపాడుకోడానికి కాల్చానంటాడు వాడు. హత్యేనంటుంది ప్రభుత్వం. హత్య అని తేలితే వాడు జైల్లోనే ముసలివాడవుతాడు. తేల్చేది, ఇరుపక్షాల లాయర్లూ వద్దన్నవాళ్ళు పోగా మాలో మిగిలే పన్నెండుమంది. నేను మిగలాలనుకున్నాను.

ప్రాసిక్యూటర్ సరదా మనిషి. "ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. చాలా చేతులు లేచాయి. "అబ్బో! లేనివాళ్ళని అడిగుంటే ఈపాటికి భోజనానికి వెళ్ళేవాళ్ళం!"

అందరూ నవ్వారు.

నాలుగో నంబరు, మెకానిక్ హాస్కిన్స్, లేచి నిలబడ్డాడు. "నాకు మూడున్నాయండీ. ఒకటి ట్రక్కులో. మా ఆవిడ దగ్గరున్నది కలపలేదు, అది నాకోసం పెట్టుకుంది."

మళ్ళీ నవ్వులు.

"మరి ట్రక్కులో ఎందుకండీ?"

"దార్లో ఎలాంటివాడు తగులుతాడో! మీరు మాత్రం ఖాళీ చేతుల్తో తిరుగుతారేంటి?"

నా చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది. ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. కానీ నిజం చెబుతానని ప్రమాణం చేశాను. ఎత్తాను.

"మీకెందుకు పెద్దాయనా?"

"మా ఆవిడ కొన్నదండీ. ఎందుకంటే, ఆయన చెప్పిన కారణమే," అని హాస్కిన్స్‌ని చూపించాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మమ్మల్ని వరండాలోకి పంపారు. ఆగస్టు ఉక్క. ముసలి తెల్ల కోర్టు జవాను ఒకతను నన్ను చూసి, తన బల్ల మీది ఫ్యాన్ నా వైపు తిప్పి వెళ్ళాడు. ఆ రోజు కోర్టులో నాకు దక్కిన న్యాయం అంతే.

తర్వాత పేర్లు చదివారు. హాస్కిన్స్ ఉన్నాడు. నేను లేను. మా తొమ్మిదిమందిలో ఒక్కరే మిగిలారు.

డెమారియోకి ప్రభుత్వం ఇచ్చిన లాయరు ఇమాని బయటికొచ్చింది. ముప్ఫై ఆరేళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కాబట్టి ఊళ్ళో అందరికీ నేను మాస్టార్నే.

"ఎందుకు తీసేశారమ్మా నన్ను?"

"రంగు చూసి తీశామని చెప్పకూడదు కదా మాస్టారూ. ఇంకో కారణం చెప్పాలి. ప్రాసిక్యూటర్ చెప్పాడు." చేతిలో కాగితం చూసి చదివింది. "'పదకొండో నంబరు నవ్వలేదు. అందరూ నవ్వుతుంటే మొహం బిగించుకుని కూర్చున్నాడు. పైగా ఇంట్లో తుపాకీ ఉంది.' హాస్కిన్స్ దగ్గర మూడున్నాయి కదా అన్నాను. 'ఆయన నవ్వాడుగా' అన్నాడు."

"జడ్జిగారు?"

"ఆ కారణం చాలన్నారు."

తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న నా గడ్డం పట్టుకుని నేర్పాడు: తెల్ల అధికారి ముందు నవ్వకురా, వెక్కిరిస్తున్నావనుకుంటాడు. అరవై ఏళ్ళు ఆ మాట తప్పలేదు. అది నన్ను బతికించింది. ఇవాళ అదే నా మీద నేరమైంది.

ఇంటికి పొమ్మన్నారు. పోలేదు. లోపలికెళ్ళి, డెమారియో వెనక బల్ల మీద, వాళ్ళ నాయనమ్మ ఓడెస్సా పక్కన కూర్చున్నాను.

ప్రాసిక్యూటర్ కొత్త జ్యూరీకి నమస్కారం చెబుతూ ఇంకో జోకు వేశాడు. హాస్కిన్స్ పకపకా నవ్వాడు. డెమారియో మొహం కదల్లేదు. ప్రాసిక్యూటర్ జ్యూరీ వైపు తిరిగి, చూశారా అన్నట్టు, వాడి వైపు కాస్త కళ్ళు తిప్పాడు.

ఓడెస్సా నా చెవి దగ్గరికి వంగింది. "జైలుకెళ్ళి మరీ చెప్పానయ్యా," అంది, కాస్త గర్వంగా. "ఏం జరిగినా అక్కడ నవ్వకురా అని."